నల్ల ముఖం నల్లగానే అచ్చు కావాలి: బిస్కెట్ డబ్బాలో ఫొటోలతో సొంత పుస్తకం

ఆంటీ మా ప్రింటింగ్ షాపుకి మొదటిసారి వచ్చింది భర్త అంత్యక్రియల పుస్తకం కోసం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జమైకా కుటుంబాల్లో అదొక ఆనవాయితీ. చర్చిలో పాడే పాటలు, చదివే వాక్యాలు, పోయినాయన ఫొటోలు అన్నీ కలిపి రంగుల్లో ఎనిమిదో పన్నెండో పేజీలు అచ్చు వేయించి, వచ్చినవాళ్ళందరికీ ఇస్తారు. మన పెద్దకర్మ కార్డు లాంటిదే, కాకపోతే పుస్తకమంత ఉంటుంది. మూడు వారాల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో పాత బిస్కెట్ డబ్బా. అందులో 412 ఫొటోలు. నేనే లెక్కపెట్టాను.

ఆయన ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. ఆదివారం మాత్రం మెడలో కెమెరా. నామకరణాలు, డామినోలు ఆడే ముసలాళ్ళు, పెరట్లో మొదటిసారి మంచు చూసి బిత్తరపోయిన పిల్లలు, నర్సు యూనిఫాంలో ఆంటీ. "నేను పోతే పిల్లలు ఈ డబ్బా పారేస్తారు. పుస్తకమైతే పారెయ్యరు కదా, పిల్లా?" అని అడిగారు. పారేస్తారో లేదో నాకు తెలీదు. పుస్తకం వెయ్యడం మాత్రం తెలుసు. మా నాన్న విజయవాడలో మెషిన్‌మన్. ట్రెడిల్ అనే పాత అచ్చు మెషిన్ మీద శుభలేఖలతో మొదలుపెట్టి, ఆఫ్‌సెట్ మీద గైడ్లు, పంచాంగాలు వేసి రిటైరయ్యాడు. బడి సెలవుల్లో ఫారాలు, అంటే పేజీలు అచ్చయిన పెద్ద షీట్లు, మడత పెట్టడం నా పని.

మేం వేసిన పుస్తకం 32 పేజీలు, ఏ5 సైజు, 100 కాపీలు. అది ఎలా వేశామో రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ట్రంకుపెట్టెలో అమ్మమ్మ ఫొటోలు ఉండే ఉంటాయి. కాబట్టి పనికొస్తుంది.

మనకంటే ముందు వేసుకున్నవాళ్ళు

ఈ పని మేం కనిపెట్టింది కాదు. తమ ముఖాన్ని తామే అచ్చు వేసుకోవడం నల్లజాతి వాళ్ళకి చాలా పాత అలవాటు. బానిసగా పుట్టి, యజమాని ఇంట్లోంచి బయటికి నడిచి వచ్చేసి, బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా మాట్లాడిన సోజర్నర్ ట్రూత్‌కి చదవడం, రాయడం రాదు. అయినా ఆవిడ 1864లో తన ఫొటో కార్డులు చేయించి, హక్కు తన పేరునే నమోదు చేయించి, సభల్లో అమ్ముకుంది. ఫొటో కింద "అసలు మనిషి బతకడానికి నీడను అమ్ముతున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం వేయించింది. అప్పట్లో ఫొటోని నీడ అనేవాళ్ళు. ఫొటో, దాని కింది మాట, హక్కు, అమ్మకం అన్నీ ఒక్క మనిషి చేతిలోనే ఉన్నాయి. సొంత ప్రచురణ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ కార్డే.

న్యూయార్క్‌లో 1963లో కొందరు నల్లజాతి ఫొటోగ్రాఫర్లు కమోయింగే అనే బృందం కట్టారు. కెన్యాలోని గికుయు భాషలో ఆ మాటకి కలిసి పనిచేసే జనం అని అర్థం. మొదటి డైరెక్టర్ రాయ్ డికరావా. ఒకరి ప్రింట్లు ఒకరు చూసి మొహమాటం లేకుండా తప్పులు చెప్పుకునేవాళ్ళు. పెద్ద పత్రికలు తమ ఫొటోలు వెయ్యవు, వేసినా తమకు నచ్చినవే వేస్తాయి. ఆ దిగులు అందరిదీ. పదేళ్ళ తర్వాత, 1973లో, బ్రూక్లిన్ నుంచి జో క్రాఫర్డ్ 'బ్లాక్ ఫొటోగ్రాఫర్స్ యాన్యువల్' తీసుకొచ్చాడు. మొదటి సంపుటానికి నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్, తర్వాత వచ్చిన ఒకదానికి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ముందుమాట రాశారు. 1980 దాకా వచ్చినవి నాలుగే. పేరుకి వార్షిక సంచిక, రావడం ఓపిక ఉన్నప్పుడు. మన సాహిత్య పత్రికలు నడిపినవాళ్ళకి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. 2017లో లైలా అమతుల్లా బరైన్, అడామా డెల్ఫీన్ ఫవుండు అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆఫ్రికా సంతతికి చెందిన వందమందికి పైగా మహిళలు తీసిన ఫొటోలతో 'ఎంఫాన్' అనే పుస్తకాన్ని సొంతంగానే వేశారు. అంటే ఈ దారి మూతపడలేదు.

ఇంగ్లండ్ సంగతికొస్తే, లండన్‌లో జాన్ లా రోజ్, సారా వైట్ 1966లోనే న్యూ బీకన్ పేరుతో నల్లజాతి పుస్తకాల ప్రచురణ, దుకాణం మొదలుపెట్టారు. బర్మింగ్‌హామ్‌లో మా పేట హ్యాండ్స్‌వర్త్‌కి ఇంకా దగ్గరి కథ ఉంది. 1979లో గ్రోవ్ లేన్‌లో పేవ్‌మెంటు మీద ముగ్గురు ఫొటోగ్రాఫర్లు తెల్ల తెర కట్టి, కెమెరా పెట్టి, క్లిక్ చేసే తీగని దారిన పోయేవాళ్ళ చేతికే ఇచ్చారు. ఎప్పుడు నొక్కాలో దిగేవాళ్ళ ఇష్టం. ఆ ముగ్గురూ తెల్లవాళ్ళే, ఆ మాట దాచక్కర్లేదు. అదే ఏడాది వాళ్ళే ఇక్కడి నుంచి 'టెన్.8' అనే ఫొటోల పత్రిక మొదలుపెట్టారు. 1992లో ఆ పత్రిక 80లలోని నల్లజాతి బ్రిటిష్ ఫొటోగ్రఫీ మీద పెద్ద సంచిక వేసింది. దానికి సంపాదకులు డేవిడ్ ఎ. బెయిలీ, స్టూవర్ట్ హాల్. ఇక పుట్టినరోజుకి ఇచ్చిన కెమెరాతో జమైకాలో మొదలుపెట్టి, 1965లో బర్మింగ్‌హామ్ వచ్చిన వాన్లీ బర్క్ ఉండనే ఉన్నాడు. ఈ వీధుల్ని ఆయనంత ఓపిగ్గా ఫొటోలు తీసినవాళ్ళు లేరు. ఆ ఫొటోలు, కాగితాలు ఇప్పుడు ఊళ్ళోని పెద్ద లైబ్రరీలో ఉన్నాయి. వెళ్ళి చూడొచ్చు.

ఇందులో మనవాళ్ళకి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. 80లలో ఇక్కడ 'బ్లాక్' అనే మాటని ఆఫ్రికా, కరీబియన్ వాళ్ళతో పాటు మన ఉపఖండం వాళ్ళూ రాజకీయంగా వాడుకున్నారు. 1988లో లండన్‌లో నల్లజాతి ఫొటోగ్రాఫర్ల సంఘంగా 'ఆటోగ్రాఫ్' పుట్టినప్పుడు దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఢిల్లీలో పుట్టిన సునీల్ గుప్తా ఉన్నాడు. ఈ సంగతి తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అలాగని ఆంటీ కథ నాది అనలేను. ఇంట్లో మా నాన్న దాచుకున్న 'ఏడు తరాలు' చదివి, సహవాసి గారి తెలుగులో, బానిసగా అమ్ముడైన కుంటా కింటే కోసం ఏడ్చినదాన్నే. ఏడ్చినంత మాత్రాన ఆంటీ పుస్తకంలో ఏ ఫొటో ఉండాలో చెప్పే హక్కు రాదు. ఆ సంగతి పని మధ్యలో తెలిసింది.

ఎంచడం

ఎంచడం కంప్యూటర్ మీద చెయ్యకండి. ఫొటోలన్నిటినీ చిన్నవిగా, అగ్గిపెట్టె సైజులో, మామూలు కాగితం మీద ప్రింట్ చేసి కత్తిరించి నేల మీద పరవండి. మేం ఆంటీ ముందుగదిలో సోఫాలు జరిపి పరిచాం. గాజు చేపలు, కుట్టుపని చేసిన డాయిలీలు, దుమ్ము లేని రేడియోగ్రామ్ ఉన్న గది. పిల్లల్ని కూడా అందులోకి రానివ్వరట. 412 నుంచి మొదటి పూట 60కి తెచ్చాం. ఆ తర్వాత వారం రోజులు వాటిని అలాగే వదిలేశాం. ఇది ముఖ్యం. మొదటిరోజు బాగున్నాయి అనిపించిన వాటిలో సగం వారానికి వెలిసిపోతాయి. చివరికి 27 మిగిలాయి.

గొడవ ఒక్క ఫొటో దగ్గరే జరిగింది. 1985 సెప్టెంబర్‌లో హ్యాండ్స్‌వర్త్‌లో జరిగిన అల్లర్లప్పుడు లోజెల్స్ రోడ్‌లో కాలిపోయిన కొట్టు ముందు, చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టుతో నిలబడిన ఒక ముసలాయన. మంచి ఫొటో. అది ఉండాల్సిందే అన్నాను. ఆంటీ దాన్ని తీసి డబ్బాలో వేసేశారు. "ఆ రెండు రోజుల్నీ పేపర్లు నలభై ఏళ్ళుగా వేస్తూనే ఉన్నాయి. మిగతా రోజుల్ని ఎవరు వేశారు?" అన్నారు. నాకు ఇప్పటికీ ఆ ఫొటో ఉండుంటే బాగుండేదనే అనిపిస్తుంది. కానీ పుస్తకం ఆవిడది. మీరు ఎవరి కోసమైనా పుస్తకం వేస్తుంటే ఇది ముందే మాట్లాడుకోండి: చివరిమాట ఎవరిది? మాది ఆవిడదని మొదటిరోజే చెప్పుకున్నాం కాబట్టి గొడవ టీతో తీరిపోయింది.

స్టూడియో ఫొటోలు కూడా ఆవిడ వద్దన్నారు. బాల్సాల్ హీత్‌లో డైచ్ అనే తండ్రీకొడుకుల స్టూడియో ఉండేది. 50లు, 60లలో కొత్తగా వచ్చిన కరీబియన్ వాళ్ళూ, మన దేశం వాళ్ళూ, పాకిస్తానీలూ అక్కడికే వెళ్ళి, మంచి కోటు వేసుకుని ఫొటో దిగి, ఊరికి పంపేవాళ్ళు. మేం బాగున్నాం అని చెప్పడానికి. ఆంటీవి అలాంటివే రెండున్నాయి. "అందులో నవ్వమంటే నవ్వాను. ఇందులో నాకు నవ్వొచ్చి నవ్వాను" అని ఇంటి పెరట్లో భర్త తీసిన ఫొటో చూపించారు. అంతకంటే మంచి ఎడిటర్ని నేను చూడలేదు.

హక్కుల సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లండ్‌లో ఫొటో హక్కు మామూలుగా తీసినవాళ్ళది, అందులో ఉన్నవాళ్ళది కాదు. తీసినవాళ్ళు పోయాక 70 ఏళ్ళు ఉంటుంది, వారసులకి వస్తుంది. ఆంటీకి వీలునామా ప్రకారం వచ్చింది. వెనక స్టూడియో ముద్ర ఉంటే హక్కు ఎవరిదో కనుక్కున్నాకే ముట్టుకోండి. ఇక చట్టం అడిగినా అడక్కపోయినా, ఫొటోలో ఉన్నవాళ్ళు బతికుంటే ఒకసారి చూపించి అడగడం మర్యాద.

స్కానింగ్

చిన్న ప్రింట్లని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చెయ్యండి. అచ్చుకి 300 చాలు కాబట్టి 600లో తీస్తే ఫొటోని రెట్టింపు సైజు దాకా పెంచుకోవచ్చు. టిఫ్ ఫైలుగా దాచండి. స్కానర్‌లో 'ఆటో' అని ఉన్న ప్రతిదాన్నీ ఆపెయ్యండి. ముఖం నల్లగా ఉంటే మొత్తం ఫొటోయే చీకటిగా ఉందనుకుని అది వెలుగు పెంచేస్తుంది.

ఫోన్ యాప్‌తో ఒక్కసారి 'మెరుగు' చేసి చూశాను. ఆంటీ వాళ్ళ ఆయన ముక్కు సన్నబడింది, చర్మం తేటబడింది, కనుబొమ్మలు కొత్తవి మొలిచాయి. వెంటనే తీసేశాను.

70ల నాటి రంగు ప్రింట్లు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. అందులో నీలం, ఆకుపచ్చ కలిసిన సయాన్ రంగు ముందు వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. దాన్ని నలుపు-తెలుపులోకి మార్చాలనుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో మూడు ఛానెళ్ళూ విడివిడిగా చూసి ఆకుపచ్చ ఛానెల్ తీసుకోండి. వివరాలు ఎక్కువగా అందులోనే బతికుంటాయి.

నలుపు

అసలు కష్టం ఇక్కడే. మొదటి ప్రూఫు నేనే చెడగొట్టాను. రోజూ కరపత్రాలు కొట్టే సెట్టింగుతో, మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల) కాగితం మీద కొట్టేశాను. ముఖాలు లేవు. తెల్ల చొక్కాలు, తెల్ల పళ్ళు, మధ్యలో మరకలు. కంగారుపడి వెలుగు పెంచి మళ్ళీ కొట్టాను. ముఖాలు కనపడ్డాయి కానీ బూడిద పూసినట్టున్నాయి. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని చూసి "ఎవరీయన? మా ఆయన శవపేటికలో కూడా ఇంత పాలిపోలేదు" అన్నారు.

ఇది నా ఒక్కదాని తప్పే, కానీ దీని వెనక ఒక చరిత్ర ఉంది. కొడాక్ వాళ్ళు 50ల నుంచి ఫొటో ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు ఇచ్చేవాళ్ళు. దాని మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ. షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే రంగులు కుదిరినట్టే. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి దిగిన స్కూలు ఫొటోలో నల్లపిల్లల ముఖాలు మాయమయ్యేవి. చాక్లెట్లు, చెక్క సామాన్లు ప్రకటనలకి సరిగ్గా రావట్లేదని కంపెనీలు మొత్తుకున్నాక గాని ముదురు గోధుమ రంగుల మీద వాళ్ళు గట్టిగా దృష్టి పెట్టలేదు. మనుషుల కంటే ముందు చాక్లెట్టు!

మనమేం తక్కువ తినలేదు. నా పెళ్ళి కరిజ్మా ఆల్బం ఆంటీకి చూపిస్తే "మీ చెల్లెలా?" అని అడిగారు. విజయవాడలో స్టూడియో అబ్బాయి టచింగ్ పేరుతో నన్ను మూడు ఛాయలు తెల్లగా చేశాడు. అప్పట్లో మా ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

ఇప్పుడు పద్ధతి చెప్తాను. ముందుగా మీరు అచ్చు వేయబోయే కాగితం మీదే, అదే మెషిన్‌లో ఒక పట్టీ కొట్టండి. తెలుపు నుంచి నలుపు దాకా 5 శాతం చొప్పున పెరిగే 21 గడులు. ప్రింట్ అయ్యాక ఎండ వెలుగులో చూడండి. ఏ గడి దాటాక అంతా ఒకే నలుపుగా కనిపిస్తుందో అదే మీ మెషిన్ హద్దు. మాది 85. ఆ తర్వాత 90, 95, 100 అన్నీ ఒకటే. అంటే ముఖంలో అతి చీకటి చోటు, ముక్కు పక్కనో గడ్డం కిందో, 85 దాటకూడదు. జుట్టు, సూటు, వెనకాల గోడ దాటినా ఫర్వాలేదు. దాటాలి కూడా. ఫొటోలో ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు లేకపోతే బొమ్మ పొగపట్టినట్టుంటుంది.

దీనికి బ్రైట్‌నెస్ మీట ముట్టుకోవద్దు. అది అన్నిటినీ ఒకేసారి లేపేస్తుంది, బూడిద అందుకే వస్తుంది. ఫొటో సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడల్ని విడివిడిగా సర్దే 'కర్వ్స్' గీత వాడండి. కింది భాగం, అంటే నీడలు, కొద్దిగా పైకి ఎత్తి, మధ్యభాగాన్ని ఉన్నచోటే పట్టుకోండి. ఇంకో రహస్యం: నల్లటి చర్మం ఫొటోలో అందంగా రావడానికి కారణం చర్మం రంగు కంటే దాని మీద పడి మెరిసే వెలుగు. నుదురు, చెంప ఎముక, ముక్కు కొస, పెదవి అంచు. ఆ నాలుగు మెరుపులూ బతికుంటే ముఖం ఎంత నల్లగా ఉన్నా మనిషి కనిపిస్తాడు. అవి పోతే ఎంత తెల్లగా చేసినా మనిషి రాడు. డికరావా ప్రింట్లు చూడండి, వీలైతే అసలువి. తెలుపు చాలా తక్కువ. ముదురు బూడిద రంగులోనే పది మెట్లు కనపడతాయి. ఆయన వాటిని చీకటిగానే ఉంచాడు, కళ్ళు అలవాటు పడేదాకా చూసేవాళ్ళే ఆగాలి.

కాగితం గురించి. నున్నగా లేని మ్యాప్‌లితో లాంటి కాగితం సిరాని పీల్చుకుంటుంది, చుక్క వ్యాపించి నీడలు పూడిపోతాయి. డిజిటల్ మెషిన్‌లో వాడే పొడి సిరా, టోనర్, అయితే గరుకు మీద సరిగా కూర్చోదు. నిగనిగలాడే గ్లాసీ ఆర్ట్ పేపర్ మీద నలుపు బాగుంటుంది కానీ చదివేవాళ్ళకి ముఖం బదులు ట్యూబ్‌లైటు కనిపిస్తుంది. మేం లోపలికి 130 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ పేపర్, అట్టకి 250 వాడాం. ఖర్చు పెరిగింది. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు, కావాలంటే నాలుగు పేజీలు తగ్గించుకోండి.

ఒకే ముఖాన్ని ఐదు రకాల కర్వ్‌లతో ఒకే షీటు మీద కొట్టి, వెనకాల నంబర్లు వేసి, ఆంటీ చేతికిచ్చాను. మూడోది తీశారు. నేనైతే నాలుగోది తీసేదాన్ని, కొంచెం తేటగా ఉండేది. మూడోదే ఖాయం చేశాం. మిగతా 26 ఫొటోలూ దాన్ని పక్కన పెట్టుకునే సరిచేశాను.

పేజీలు, పిన్నులు

పిన్నింగ్ చేసే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి. 32 పేజీల్లో అట్ట నాలుగు పేజీలు పోతే లోపల 28, అంటే ఏ4 షీట్లు ఏడు, పైన అట్ట ఒకటి. వంద కాపీలకి 700 షీట్లు, 100 అట్టలు. పాడయ్యేవాటికి పది శాతం ఎక్కువ కొనండి. ఒకే షీటు మీద పక్కపక్కన వచ్చే పేజీల సంఖ్యలు కూడితే ఎప్పుడూ మొత్తానికి ఒకటి ఎక్కువ రావాలి. 32 పేజీల పుస్తకంలో 1 పక్కన 32, 2 పక్కన 31. కూడితే 33. మా నాన్న ఈ లెక్కతోనే ఫారం తప్పు పట్టేసేవాడు. సాఫ్ట్‌వేర్ చేసిపెట్టినా ఒకసారి కూడి చూసుకోండి.

రెండు పేజీలకీ పరిచే పెద్ద ఫొటో ఉంటే నడిమధ్యే పెట్టండి, మాకు అది 16, 17. అక్కడొక్కచోటే రెండు పేజీలూ ఒకే షీటు. మిగతా చోట్ల సగం ఒక షీటు మీద, సగం ఇంకో షీటు మీద పడి, మనిషి నుదురు ఒకచోట, గడ్డం ఇంకోచోట ఉంటుంది. మేం అక్కడ చర్చి బయట 43 మంది నిలబడ్డ ఫొటో పెట్టాం. పిన్ను ఎవరి ముఖం మీదా పడకుండా దాన్ని నాలుగు మిల్లీమీటర్లు ఎడమకి జరిపాను. ఆంటీ గమనించలేదు. నాకు మాత్రం తృప్తి.

ప్రతి రెండు పేజీల్లోనూ ఒక ఫొటో, ఎదురుగా ఖాళీ అన్న పద్ధతి చాలామంది పెడతారు. మాకు నచ్చలేదు. ఎదురెదురుగా పెడితే ఫొటోలు ఒకదాన్ని ఒకటి పలకరిస్తాయి. నర్సు యూనిఫాంలో ఆంటీ ఒక పక్క, ఫ్యాక్టరీ గేటు దగ్గర మసి ముఖంతో ఆయన ఇంకో పక్క. ఇద్దరూ డ్యూటీ దిగి ఇంటికొచ్చే టైము.

ఫొటో కింద రాసేది తక్కువగా, ఖచ్చితంగా ఉండాలి. పేరు, చోటు, సంవత్సరం. సంవత్సరం తెలీకపోతే 'సుమారు 1968' అనండి. పాత సంగ్రహాల్లో 'పేరు తెలియని నల్లజాతి స్త్రీ' అన్న మాటలు ఎన్నో కనిపిస్తాయి. ఆమెకి పేరుంది, అడిగినవాళ్ళు లేరు. మేం రెండు నెలలు అడుగుతూ తిరిగాం. చర్చి తర్వాత టీ దగ్గర ప్రూఫులు పరిస్తే ముసలాళ్ళు కొట్టుకుని మరీ పేర్లు చెప్పారు. పెన్సిల్‌తో ప్రూఫు మీదే రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా.

పంచడం, అమ్మడం

మొత్తం ఖర్చు 260 పౌండ్లు అయింది, షాపు యజమాని నా పనివేళలు లెక్కెయ్యలేదు కాబట్టి. వంద కాపీలకి డిజిటల్ ప్రింటే మేలు. అయిదొందలు దాటితే ఆఫ్‌సెట్ అడగండి, ప్లేట్ల ఖర్చు అప్పుడు కాపీల మీద పంచుకుపోతుంది. ధర 5 పౌండ్లు పెట్టాం. అమ్మింది పుస్తకాల షాపులో కాదు. బార్బర్ షాపులో అద్దం ముందు ఒకటి, కరీబియన్ బేకరీలో కౌంటర్ మీద కొన్ని, చర్చి హాల్లో మిగతావి. క్షవరం కోసం కూర్చున్నవాళ్ళకి చదవడానికి కావలసినంత టైముంటుంది.

అచ్చయిన పుస్తకాన్ని ప్రచురించిన నెలలోగా బ్రిటిష్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలని ఇక్కడి చట్టం. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, లేకపోయినా పంపాలి. ఆంటీకి ఈ సంగతి చెప్తే నమ్మలేదు. "నా పెరటి ఫొటోలు గవర్నమెంటుకి కావాలా?" అన్నారు. రెండు కవర్లలో చుట్టి, తనే పోస్టాఫీసుకి వెళ్ళి, రసీదు బైబిల్లో పెట్టుకున్నారు. మన దేశంలో వేస్తే ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, రాజా రామ్మోహన్ రాయ్ పేరున ఉన్న జాతీయ సంస్థకి దరఖాస్తు చేసుకోవాలి. అక్కడా 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ఇంకో రెండు లైబ్రరీలకి కాపీలు పంపాల్సి ఉంటుంది. చాలామంది చిన్న ప్రచురణకర్తలు పంపరు. పంపండి. మనవరాలు ఎప్పుడైనా వెతికితే దొరికే చోటు అదే.

యాభై తొమ్మిది కాపీలు పోయాక ఒక ఆదివారం చర్చిలో ఒకాయన 11వ పేజీ తెరిచి, ఫొటోలో ఉన్నది తను కాదు, తన అన్న అన్నాడు. కవలలు కారు, ఏడాది తేడా. ఆ పేరు చెప్పింది ఎవరని నా పెన్సిల్ రాతలు తిరగేస్తే, చెప్పింది ఆంటీయే. షాపుకొచ్చాక స్టిక్కర్ కొట్టి అతికించేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మా నాన్న ప్రెస్సులో పుస్తకాల చివర వేసే తప్పొప్పుల పట్టిక గురించి చెప్పాను. అది నచ్చింది. అరచేయంత కాగితాలు 41 కత్తిరించి ఇచ్చాను. కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్కదాని మీద అన్న పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, నల్ల సిరాతో రాశారు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే షాపు మూసే టైముకి 38 అయ్యాయి. మిగతా మూడూ ఇంటికి పట్టుకెళ్ళారు.